వాటం కుదిరాకే గది

పాత ఇంటికి గదో, బాత్రూమో కలిపి కట్టుకుంటున్న పాఠకుల నుంచి ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. అన్నీ నేల కింద గొట్టాల గురించే.

ప్ర: మాది తూర్పు ముఖం ఇల్లు, 1996లో కట్టాం. వెనక పడమర ఖాళీలో 12 x 14 అడుగుల పడకగది వేయాలనుకుంటున్నాం. బాత్రూమ్ వాయవ్య మూలలో ఉంది. దాని గొట్టం పడమర గోడలోంచి బయటికొచ్చి వెనక చాంబర్‌లో కలుస్తుంది. అక్కడి నుంచి ఉత్తరం సందులోకి తిరిగి గేటు దగ్గరి చాంబర్‌కు పోతుంది. వెనక చాంబర్ లోతు 20 అంగుళాలు, గేటు దగ్గరిది 30 అంగుళాలు, మధ్య లైను పొడవు 40 అడుగులు. వెనక చాంబర్ సరిగ్గా కొత్త గదిలోకి వచ్చేస్తోంది. అలాగే ఉంచి పైన టైల్ వేసేద్దామని మేస్త్రి, గది చుట్టూ లైను తిప్పుదామని ప్లంబర్ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, వనస్థలిపురం, హైదరాబాద్

జ: టైల్ వేసి మూసే పని మాత్రం వద్దు. చాంబర్ కట్టేదే మూత తీయడానికి. ఎప్పుడో ఒకరోజు మంచం జరిపి, టైల్ పగలగొట్టి, పడకగదిలోంచి మురుగు తోడాల్సి వస్తుంది. ఈలోపు మూత చుట్టూ సిమెంటు ఎంత మెత్తినా సన్నని పగుళ్ళలోంచి వాసన వస్తూనే ఉంటుంది, బొద్దింకలు సరేసరి.

ప్లంబర్ చెప్పిన దారి చూడ్డానికి బాగానే ఉంది గానీ లెక్క కుదరదు. నాలుగంగుళాల గొట్టానికి, అంటే 110 మిల్లీమీటర్లదానికి, 10 అడుగులకు 3 అంగుళాల వాటం, అంటే వాలు పెట్టాలి. ఇప్పుడు మీకు 40 అడుగుల్లో 10 అంగుళాలు దిగుతోంది. అంటే 10 అడుగులకు రెండున్నర. కాస్త తక్కువే అయినా ఇన్నాళ్ళూ నడిచింది. గది చుట్టూ తిప్పితే, పోను 12, రాను 12, మలుపులతో కలిపి ఇంకో 26 అడుగులు పెరిగి 66 అవుతుంది. దానికి 20 అంగుళాలు దిగాలి, మీ దగ్గరున్నది 10. బాత్రూమ్ గొట్టాన్ని పైకి లేపలేరు, రోడ్డు లైనును కిందికి దించలేరు. ఆరంగుళాల గొట్టమైతే 10 అడుగులకు 2 అంగుళాలు చాలంటారు, నిజమే. కానీ దానికీ 13 అంగుళాలు కావాలి. పైగా ఒక్క బాత్రూమ్ నీళ్ళు అంత పెద్ద గొట్టంలో పలచగా పరుచుకుని పోతాయి, మలం అక్కడక్కడా ఆగిపోతుంది.

మీకు మూడో దారి ఉంది. బాత్రూమ్ మూలలోనే ఉంది కాబట్టి దాని ఉత్తరం గోడ సందు మీదికే ఉంటుంది. గొట్టాన్ని పడమరకు కాకుండా నేరుగా ఉత్తరానికి తీసి, సందులో కొత్త చాంబర్ కట్టండి. అక్కడి నుంచి గేటుకు సుమారు 34 అడుగులు ఉంటుంది, దిగాల్సింది 10 అంగుళాల పైన పిసరంత. పాత లైను కన్నా వాటం మెరుగవుతుంది. బాత్రూమ్ లోపల రెండడుగుల మేర నేల పగలగొట్టి కమోడ్ గొట్టం మళ్ళించాలి. అక్కడ ఒకే 90 డిగ్రీల బెండ్ పెట్టకుండా 45 డిగ్రీల బెండ్లు రెండు వాడమనండి, గట్టి మలుపు దగ్గరే మొదట అడ్డుపడుతుంది. కమోడ్ గొట్టం నేరుగా చాంబర్‌లోకి రావాలి. స్నానం నీళ్ళు, సింకు నీళ్ళు ముందు గల్లీ ట్రాప్‌లో (వాసన వెనక్కి రాకుండా లోపల నీళ్ళు నిలిచి ఉండే బయటి జాలీ తొట్టి) పడి, అక్కడి నుంచి చాంబర్‌లోకి పోవాలి.

పని మొదలుపెట్టే ముందు ఆ 20, 30 అంగుళాలను ఇంకోసారి కొలవండి. నేల మీది నుంచి కొలిచిన లోతులు మోసం చేస్తాయి, సందులో నేల ఎక్కడా సమంగా ఉండదు. లెవెల్ ట్యూబులో నీళ్ళు నింపి, వెనక నుంచి గేటు దాకా గోడ మీద ఒకే మట్టానికి పెన్సిల్ గీతలు పెట్టండి. ఆ గీత నుంచి ప్రతి చాంబర్ అడుగు దాకా ఎంతుందో చూస్తే అసలు తేడా తెలుస్తుంది. ట్యూబులో ఒక్క గాలి బుడగ ఉన్నా కొలత తప్పుతుంది. రెండు చివరలూ పక్కపక్కన పట్టుకుని, నీళ్ళు ఒకే ఎత్తులో నిలిచాయా లేదా చూశాకే మొదలుపెట్టాలి. పాత ఇళ్ళలో ఏ గొట్టం ఎటు పోతోందో తెలియకపోతే, బకెట్ నీళ్ళలో రెండు చెంచాల పసుపు కలిపి పోయండి. ఏ చాంబర్‌లో పచ్చగా తేలితే అదే దారి.

కందకం అడుగున 4 అంగుళాల ఇసుక పరిచి దాని మీద గొట్టం వేయాలి. సాకెట్ (ఒక గొట్టంలోకి ఇంకోటి దూరే వెడల్పు మూతి) వచ్చే చోట ఇసుకను కాస్త తోడాలి. లేకపోతే గొట్టం సాకెట్ల మీద వేలాడుతూ మధ్యలో వంగుతుంది. పైన కూడా 4 అంగుళాలు రాళ్ళు లేని మట్టో ఇసుకో పోశాకే తవ్విన మట్టి వేయాలి. గొట్టం గోడలోంచి దాటే చోట చుట్టూ రెండంగుళాల ఖాళీ వదిలి, పైన చిన్న లింటెల్ పెట్టించండి. గోడలో బిగించి సిమెంటు పోస్తే, గోడ కాస్త దిగినా గొట్టం అక్కడే చీలుతుంది.

ఈ పనిలో అందరూ మరిచేది పిల్లర్ గుంతలు. ఐదడుగుల లోతు తవ్వి, ఫుటింగ్ (పిల్లర్ అడుగు కాంక్రీటు దిమ్మె) వేసి, పైన మట్టి తోసేస్తారు. దాని మీదుగా వారంలోనే డ్రైనేజీ లైను వేస్తారు. మొదటి వానకు ఆ మట్టి కూర్చుంటుంది, దాంతో గొట్టమూ దిగి ఎదురు వాటం పడుతుంది. అరడుగు మందం చొప్పున పొరలుగా మట్టి వేసి, నీళ్ళు పట్టి, దిమ్మిసతో కొట్టించండి. మీ పాత గోడల పునాది రాతిదై రెండున్నర, మూడడుగుల లోతే ఉంటే ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. దాని పక్కనే పునాది అడుగు కన్నా లోతుగా కందకం తీయకూడదు. తప్పకపోతే కొద్దికొద్దిగా తవ్వుతూ, గొట్టం వేసిన వెంటనే పునాది అడుగు మట్టం దాకా కాంక్రీటుతో నింపాలి.

చాంబర్ లోపలి కొలత రెండడుగుల లోతుకు ఒకటిన్నర x ఒకటిన్నర అడుగులు చాలు, మూడడుగులు దాటితే 2 x 2 చేయండి. అడుగున సగం గొట్టం ఆకారంలో కాలువ తీసి, రెండు పక్కలా దానిలోకి వాలుగా సిమెంటు చేయించాలి. చాలామంది మేస్త్రులు అడుగు చదునుగా వదిలేస్తారు. అలా వదిలిన చాంబర్ ఆరు నెలల్లో మురుగు తొట్టి అవుతుంది. సందులో 34 అడుగులకు మధ్యలో మరో చాంబర్ పెట్టుకుంటే మంచిది, వెదురు బద్దతో తోయడానికి అందుతుంది.

కందకం పూడ్చకముందే గేటు చివర బిరడా వేసి, పై చాంబర్ దాకా నీళ్ళు నింపి, మట్టానికి గీత పెట్టి, అరగంట ఆగి చూడండి. నీళ్ళు తగ్గితే కారుతున్న జాయింటు అప్పుడే కనిపిస్తుంది. అంతా సరిపోయాకే పాత లైను కోసి కొత్తదానికి కలపాలి. ఆ పూటకు బాత్రూమ్ వాడకుండా ఉంటే చాలు. పాత చాంబర్‌ను కడిగించి, బ్లీచింగ్ పౌడర్ చల్లి, నీళ్ళు నిలవకుండా అడుగు పగలగొట్టి, పాత గొట్టం నోళ్ళు కాంక్రీటుతో మూసి, ఇసుకో గ్రావెలో పొరలుగా దిమ్మిస కొట్టించండి. నోళ్ళు మూయకుండా వదిలేసిన పాత గొట్టం ఎలుకలకు రహదారి.

ప్ర: మా ఇంటి ముందు సీసీ రోడ్డు మీద మళ్ళీ సీసీ రోడ్డు వేశారు. ఇప్పుడు మా నేల రోడ్డు కన్నా దిగువన ఉంది. పక్క ఖాళీలో కొత్త బాత్రూమ్ కట్టాం. గట్టి వాన పడితే దాని ఫ్లోర్ ట్రాప్ (నేల జాలీ) లోంచి మురుగు పైకి తన్నుతోంది. పాత బాత్రూమ్‌లో రావట్లేదు.
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జ: పాతది ఇంటి బేస్‌మెంట్ ఎత్తు మీద ఉంటుంది, కొత్తది నేలమట్టంలో కట్టి ఉంటారు. రోడ్డు మ్యాన్‌హోల్ నిండితే అందులోని మురుగు మూత అంచుదాకా లేస్తుంది. ఆ అంచు కన్నా దిగువన ఉన్న ప్రతి ట్రాపూ దానికి బయటికి దారే. నిజమైన మందు ఒక్కటే, బాత్రూమ్ నేలను మ్యాన్‌హోల్ మూత కన్నా కనీసం అరడుగు పైకి లేపడం. తలుపు ఎత్తు తగ్గుతుంది కాబట్టి గడప కూడా మార్చాల్సి వస్తుంది.

అది కుదరకపోతే మీ ఆవరణలోని చివరి చాంబర్‌లో 110 మి.మీ. నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించండి. అందులో రేకులాంటి మూత ఉంటుంది. నీళ్ళు బయటికి పోతుంటే తెరుచుకుంటుంది, ఎదురొస్తే మూసుకుంటుంది. వెంట్రుకలు, దారాలు అంచుకు చుట్టుకుంటే పూర్తిగా మూసుకోదు. అందుకే వానాకాలానికి ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి తీసి కడగాలి. అది మూసుకుని ఉన్నంతసేపు మీ నీళ్ళూ బయటికి పోవు. వాన ఉధృతంగా ఉన్న ఆ గంటసేపు స్నానాలు, బట్టలు ఉతకడం ఆపుకోవాలి. ఇంకో చిన్న ఉపాయం: బయట గల్లీ ట్రాప్ జాలీని బాత్రూమ్ నేల కన్నా అరడుగు దిగువన ఉంచండి. వాల్వ్ ఎప్పుడైనా మొరాయిస్తే మురుగు ముందు వాకిట్లో తేలుతుంది, ఇంట్లోకి రాదు.

అన్నట్టు, మీ మేడ మీది వాననీటి గొట్టం ఈ చాంబర్‌లోకే కలిసి ఉంటే వెంటనే విడదీయండి. వాల్వ్ మూసుకున్నప్పుడు ఆ వాన నీళ్ళే మీ బాత్రూమ్‌ను ముంచుతాయి. వాటి చోటు ఇంకుడు గుంత.

ప్ర: కొత్త గది పిల్లర్ ఒకటి పాత సెప్టిక్ ట్యాంకు మీద పడుతోంది. ట్యాంకు మట్టితో నింపి దాని మీదే ఫుటింగ్ వేయొచ్చా? కొత్త ట్యాంకు ఎంత కట్టాలి? ఇంట్లో ఆరుగురం.
– ఒక పాఠకుడు, భీమవరం

జ: వేయకూడదు. పూడ్చిన మట్టి మీద ఫుటింగ్ నిలవదు. ట్యాంకు అడుగు పగలగొట్టి గట్టి నేల దొరికేదాకా పోవాలి, లేదా పిల్లర్ జరిపి బీముతో దాటించాలి. రెండోదే సాధారణంగా చవక.

మీ ప్రాంతంలో భూగర్భ నీటిమట్టం పైనే ఉంటుంది. అందుకని ఈ పని వానాకాలంలో, కాలవలు నిండుగా ఉన్న నెలల్లో పెట్టుకోకండి. ఖాళీ చేసిన ట్యాంకును కింది నీరు పైకి ఎత్తేస్తుంది, పాత ఇటుక గోడలైతే లోపలికి కూలతాయి. వేసవిలో మిషన్ ట్యాంకరుతో తోడించండి. రక్షణ పరికరాలు లేకుండా లోపలికి మనిషిని దించి శుభ్రం చేయించడం, మాన్యువల్ స్కావెంజింగ్‌ను నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, అడుగున ఉండే వాయువు రెండు మూడు శ్వాసల్లోనే మనిషిని పడేస్తుంది, ఖాళీగా కనిపించే ట్యాంకులో కూడా.

కొత్త ట్యాంకుకు నీటి లోతు కనీసం 1 మీటరు, వెడల్పు 0.75 మీటరు, పొడవు వెడల్పుకు రెండు నుంచి నాలుగు రెట్లు ఉండాలి. ఆరుగురికి, వచ్చిపోయే చుట్టాలను కలుపుకుని, 2 మీటర్ల పొడవు, 0.9 మీటరు వెడల్పు పెట్టుకోండి. నీటి పైన ఒక అడుగు ఖాళీ ఉండాలి. బయటికి పోయే గొట్టం లోపలికి వచ్చే గొట్టం కన్నా 2 అంగుళాలు దిగువన ఉండాలి. రెండింటికీ T ఆకారపు గొట్టం (టీ) పెట్టి, కింది కాలు నీళ్ళలో మునిగేలా చూడండి, లేకపోతే పైన తేలే తెట్టు బయటికి పోతుంది. తాగే నీటి బావికీ, బోరుకూ సోక్ పిట్ (ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు ఇంకే గుంత) కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలి. వాస్తు ప్రకారం ట్యాంకు వాయవ్యంలోనే ఉండాలని గొట్టానికి నాలుగు మలుపులు పెట్టినవాళ్ళు ఉన్నారు. దిక్కు కుదిరితే సరే, కుదరకపోతే వాటానికే ఓటు వేయండి.

ప్ర: గది కలిపి కట్టినప్పటి నుంచి పాత బాత్రూమ్‌లో మురుగు వాసన. కమోడ్ ఫ్లష్ చేస్తే స్నానం దగ్గరి జాలీ గుడగుడమంటోంది.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జ: వెంట్ పైపు పోయినట్టుంది. కొత్త స్లాబుకు అడ్డొచ్చిందని పాత గోడ మీది గాలి గొట్టాన్ని కోసి బిరడా వేస్తుంటారు. అప్పుడు ఫ్లష్ నీళ్ళు దిగేటప్పుడు గాలి కోసం ట్రాప్‌లో నిలిచిన రెండంగుళాల నీటిని లాగేస్తాయి. ఆ గుడగుడ అదే. నీళ్ళు పోయాక వాసనకు అడ్డేముంది? మగ్గుడు నీళ్ళు జాలీలో పోసి చూడండి. వాసన ఆగి, మళ్ళీ ఫ్లష్ చేశాక మొదలైతే అనుమానమే లేదు. గాలి గొట్టాన్ని కొత్త గది గోడ వెంట మళ్ళించి, స్లాబు పైకి తీసి, కౌల్ (గొట్టం కొసకు పెట్టే గాలి మూత) పెట్టించండి. కిటికీ పక్కన ఆపకండి.

ప్ర: మాది నల్లరేగడి నేల. పాత లైను స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) గొట్టాలు. కొత్త గది కోసం పీవీసీ కలపాలి. ఏ రకం తీసుకోవాలి, జాయింటు ఎలా?
– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జ: ఎస్‌డబ్ల్యూఆర్ గొట్టాల్లో (మురుగుకూ వాన నీటికీ వాడే పీవీసీ రకం) టైప్ ఎ పలచన, అది వాన నీటికీ గాలి గొట్టానికీ. మురుగుకు టైప్ బి తీసుకోండి, ముద్ర చూసి కొనండి. నల్లరేగడి వేసవిలో బీటలు తీస్తుంది, వానకు ఉబ్బుతుంది. సాల్వెంట్ జిగురుతో అంటించిన జాయింటు ఆ కదలికకు వంగలేదు, అందుకని రబ్బర్ రింగ్ రకమే మేలు. కందకాన్ని మామూలు కన్నా అరడుగు లోతుగా తవ్వి, అడుగున, పక్కల నల్లమట్టి బదులు గ్రావెల్ నింపి, పైన ఇసుక పరుపు వేయండి.

స్టోన్‌వేర్‌కు పీవీసీ దూర్చి సిమెంటు మెత్తడం వద్దు, నున్నటి పీవీసీకి సిమెంటు అంటుకోదు, ఏడాదిలో ఊడుతుంది. పాత గొట్టాన్ని పగుళ్ళు లేని చోట కటింగ్ మిషన్‌తో సమంగా కోసి, రెండు సైజులకూ సరిపోయే రబ్బరు కప్లింగ్‌ను స్టీలు క్లాంపులతో బిగించండి. ఇంకా మంచిది, ఆ రెండూ కలిసే చోట చాంబరే కట్టేయడం. స్టోన్‌వేర్‌ను సుత్తితో కొడితే పగులు కనిపించనంత దూరం పాకుతుంది, ఆ తర్వాత వేపచెట్టు వేరు దాన్ని వెతుక్కుంటూ వస్తుంది.