కు.ని. ఆపరేషన్ ఫెయిలైతే 20 లక్షల పరిహారం వస్తుందా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. రెండేళ్ల నాలుగు నెలల కిందట మండల పీహెచ్‌సీ క్యాంపులో నా భార్యకు కు.ని. ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు మళ్లీ గర్భం వచ్చింది. 50 రోజుల కిందట స్కాన్ తీయిస్తే 11 వారాలన్నారు. మా అమ్మ ఆమెను అనుమానిస్తూ రోజూ ఇంట్లో రచ్చ చేస్తోంది, నాకు పిచ్చెక్కుతోంది. ఆపరేషన్ ఫెయిల్ కావచ్చని మాకెవరూ చెప్పలేదు. కాగితాల మీద వేలిముద్ర వేయించుకున్నారు, అంతే. నెల తర్వాత సర్టిఫికెట్‌కు రమ్మంటే పనుల్లో పడి వెళ్లలేదు. ఆపరేషన్ చీటీ కూడా పోయింది. తెలిసినాయన ఒకరు 5 వేలిస్తే పాత తేదీతో చీటీ, సర్టిఫికెట్ పుట్టిస్తానంటున్నాడు. కన్స్యూమర్ కోర్టులో 20 లక్షలకు కేసు వేయవచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: ముందు తేదీలు చూడండి. మీరు చెప్పిన లెక్కన ఇవాళ్టికి గర్భం 18 వారాలు దాటింది. కు.ని. ఆపరేషన్ విఫలమై వచ్చిన గర్భాన్ని వద్దనుకుంటే 20 వారాల్లోపు ఒక డాక్టర్ అభిప్రాయంతో తీయించుకోవచ్చని 2021లో సవరించిన గర్భస్రావ చట్టం చెబుతోంది. అంటే మిగిలింది రెండు వారాలు కూడా లేదు. మీ ఉత్తరమంతా వెతికాను, మీ భార్య ఏమంటోందన్న మాట ఒక్కచోటా లేదు. ఉంచుకోవాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. మేజరైన స్త్రీకి మీ సంతకం గానీ మీ అమ్మగారి అనుమతి గానీ అక్కర్లేదు. రేపు పొద్దున్నే ఆమెను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి డాక్టరుతో మాట్లాడనివ్వండి.

అనుమానం సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. ఎంత బాగా చేసిన ఆపరేషన్ అయినా మొదటి ఏడాదిలోనే దాదాపు 200 మందిలో ఒకరికి విఫలమవుతుంది. ఆ తర్వాతి ఏళ్లలోనూ జరుగుతుంది. పరిహారానికి డీఎన్‌ఏ పరీక్షతో పనిలేదు. ఆ ఊసే ఎత్తకండి.

ఇక కేసు. పూర్తిగా ఉచితంగా చికిత్స చేసే ప్రభుత్వాసుపత్రి మీద కన్స్యూమర్ కమిషన్‌కు వెళ్లడం కుదరదని 1995లో వి.పి. శాంతా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీరు ఫీజు కట్టలేదు కాబట్టి ఆ దారి లేదు. సివిల్ కోర్టుకు వెళ్లినా, ఆపరేషన్ ఫెయిలైనంత మాత్రాన డాక్టర్ నిర్లక్ష్యం రుజువైనట్టు కాదని 2005లో శివరామ్ కేసులో అదే కోర్టు చెప్పింది. నెల తప్పిందని తెలిశాక కూడా గర్భాన్ని కొనసాగిస్తే బిడ్డ పెంపకం ఖర్చు అడగలేరని కూడా అందులోనే ఉంది. 20 లక్షల మాట ఇక్కడితో వదిలేయండి.

మీ కేసు తేలేది ఆ వేలిముద్ర వేసిన కాగితం దగ్గర. అది సమ్మతి పత్రం. ఆపరేషన్ విఫలం కావచ్చు, నెల తప్పితే రెండు వారాల్లో ఆసుపత్రికి రావాలి, విఫలమైతే పథకం కింద వచ్చే పరిహారమే తుది పరిహారం, కోర్టులో ఇంకేమీ అడగను... ఇవన్నీ అందులో ఉంటాయి. దాని కింద కౌన్సెలర్ సంతకానికి ఒక చోటుంది. ‘ఇందులోని విషయాలన్నీ ఆమెకు తన భాషలో వివరించాను’ అని ఒప్పుకుంటూ చేసే సంతకం అది. ఎవరు చేశారు? నిజంగా చదివి వినిపించారా? ఆపరేషన్ గురించి, దాని పర్యవసానాల గురించి అర్థమయ్యేలా చెప్పాలని, మనసు మార్చుకోవడానికి గంటసేపైనా వ్యవధి ఇవ్వాలని 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. పీహెచ్‌సీల్లో జరిగేది వేరు. క్యూలో కూర్చోబెట్టి, ఇంకు ప్యాడ్ చేతికిచ్చి ‘ఇక్కడ వెయ్యమ్మా’ అంటారు. పది నిమిషాలు చదివి చెప్పి ఉంటే నెల తప్పిన వెంటనే మీ భార్య ఆసుపత్రికి వచ్చేది, ఇంట్లో ఇన్ని మాటలు పడేది కాదు. అందుకే ఆ కాగితం నకలు తెచ్చుకోవడం మీకు అవసరం.

పరిహారం ఎక్కడుందంటే, కుటుంబ నియంత్రణ నష్టపరిహార పథకంలో. ఆపరేషన్ విఫలమైతే 60 వేల రూపాయలు ఇస్తారు. డాక్టర్ తప్పు రుజువు చేయక్కర్లేదు. గర్భం బయటపడిన 90 రోజుల్లోపు క్లెయిమ్ ఇవ్వాలి. స్కాన్ తేదీ నుంచి 50 రోజులు మీరు ఊరికే పోగొట్టారు, ఇంకా 40 ఉన్నాయి.

ఆ 5 వేలాయన గడప తొక్కకండి. ఆపరేషన్ జరిగింది నిజం, గర్భం నిజం, గడువూ ఉంది. నిజమైన క్లెయిముకు దొంగ కాగితం ఎందుకు? పీహెచ్‌సీ ఆపరేషన్ రిజిస్టర్‌లో మీ భార్య పేరు వరస నంబరుతో ఉంటుంది. పుట్టించిన చీటీ మీద నంబరు దానితో కలవకపోతే క్లెయిమ్ పోవడమే కాదు, ఫోర్జరీ కేసులో ఇరుక్కునేది మీ ఆవిడే, ఎందుకంటే దరఖాస్తు మీద వేలిముద్ర ఆమెది. స్కాన్ తేదీ జోలికి కూడా వెళ్లకండి. గర్భిణికి చేసిన ప్రతి స్కానుకూ సెంటర్‌లో ఫారం-ఎఫ్ నింపి రెండేళ్లు దాచాలి, తేదీ మార్చితే అక్కడ దొరికిపోతారు.

నెల తర్వాత రమ్మంటే వెళ్లకపోవడం, చీటీ పోగొట్టుకోవడం మీ తప్పులే. కోడిపెట్ట కొన్నా రసీదు అడిగేవాళ్లు, ఆపరేషన్ కాగితం దాచుకోరా? సరే, దిద్దుకునే వీలుంది. సమ్మతి పత్రం నకలు, రిజిస్టర్ నకలు, ఆపరేషన్ సర్టిఫికెట్ కావాలని మీ భార్య పేరుతో పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌కు అర్జీ రాయించండి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీ, స్టాంపు, సంతకం వేయించుకోండి. అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. రికార్డులు దాచాల్సింది చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లే, మీకు ఎనిమిది నెలలు మిగిలింది. అదే రోజు సమాచార హక్కు కింద కూడా దరఖాస్తు పెట్టండి. కాగితాల కోసం ఎదురుచూస్తూ క్లెయిమ్ ఆపవద్దు. స్కాన్ రిపోర్టు జతచేసి, పీహెచ్‌సీ ద్వారా జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్‌ఓ) కార్యాలయానికి ఈ వారమే ఇవ్వండి, రసీదు తీసుకోండి. తక్కువైన కాగితాలు తర్వాత జోడించవచ్చు, దాటిన గడువు తిరిగి రాదు.

ఆ రోజు మీ భార్యతో పాటు ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లు ఊళ్లో ఉంటారు. వాళ్లకైనా ఎవరైనా చదివి వినిపించారా అని ఆమెనే అడగనివ్వండి, పేర్లు రాసి పెట్టుకోండి. తీసుకెళ్లిన ఆశా కార్యకర్త ఎవరో, ఏఎన్‌ఎం ఏమందో ఆమె మాటల్లోనే ఒక పేజీ రాయించండి. కోర్టు అవసరమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు, ఫోన్ 15100. అక్కడికి ఆమెనే తీసుకెళ్లండి, విషయం ఆమె నోటితోనే చెప్పనివ్వండి.