తెర వెనక అక్కతో: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: అక్కా, పద్యనాటకాల్లో పదేండ్లుగా రుక్మిణి వేషం కడతా ఉండాను. 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామ కట్టాలని ఆశ. మొన్న తిరునాళ్ళకు ఆ వేషం నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు ఇచ్చేసినారు. పైగా నేను పద్యం ఎత్తుకునే ముందు ఆ పిల్ల హార్మోనిస్టుకు సైగ చేసి శ్రుతి పెంచించింది. నా గొంతు పలకలేదు, జనం నవ్వినారు. మానేద్దామా అనిపిస్తా ఉంది.
(పేరు వద్దు, చంద్రగిరి దగ్గర పల్లె)

జవాబు: మానేస్తే ఆ పిల్లకు పండగే కదా చెల్లీ! ముందు శ్రుతి సంగతి చూడు. సైగ ఎవురు చేసినా, పెట్టె మీద చెయ్యి హార్మోనిస్టుది. మేకప్పుకు కూర్చోకముందే పోయి ఒక పద్యం పాడి, "అన్నా, రాత్రంతా నాకు ఇదే శ్రుతి" అని అందరూ వినేట్టు చెప్పు. నలుగురిలో ఒప్పుకున్నాక మార్చాలంటే ఆయనకూ మొగమాటమే.

సత్యభామ కావాలనుకోవడం తప్పేం కాదు. ఒకే నాటకంలో కృష్ణుడి వేషాన్ని సీన్ల వారీగా ముగ్గురికి పంచుతారే, అట్లనే సత్యభామనూ పంచమను. ముందు ఒక్క సీను అడుగు. (మనం జుట్లు పట్టుకునే ఈ వేషానికి అంత పేరు తెచ్చింది మగాయనే, స్థానం నరసింహారావు గారు. 1956లో పద్మశ్రీ కూడా ఇచ్చినారు.)

నేనూ ఏం తక్కువదాన్ని కాదులే. కార్వేటినగరం పక్కన ఒక ఊళ్ళో తులాభారం. నేను సత్యభామ. రుక్మిణి కట్టినామె నాకంటే పెద్దది. జనం ఆమెకే వన్స్‌మోర్ కొడతా ఉన్నారు. నాకు కడుపు మండింది. ఆమె పళ్ళెంలో పెట్టుకున్న తులసాకు తీసి నడుముకు దోపుకున్నా.

తక్కెట్లో కృష్ణుడు కూర్చున్నాడు. నా నగలన్నీ పోసినా లేవలా. రుక్మిణి పళ్ళెం చూసింది, ఆకు లేదు. రెప్ప కూడా ఆర్పలా. పద్యం ఎత్తుకుంటానే ఉత్త పళ్ళెంలోంచి రెండు వేళ్ళతో ఆకు తుంచుకున్నట్టు తీసి, కండ్లకద్దుకుని తక్కెట్లో పెట్టింది. తెర వెనక తాడు లాగే పిలకాయలకు కూడా ఆకు కనిపించినట్టుంది, లాగేసినారు. కృష్ణుడు పైకి లేచినాడు. ముందు వరసలో ముసలోళ్ళు దండం పెట్టినారు. నా నడుము కాడ ఆకు గీరుకుంటా ఉంది.

తెల్లారి కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటా నా పక్కకు తిరగకుండానే అడిగింది: "కోటలో తులసి పాపా అది, నలిపేసినావా?"

నీది ఆ వేషం. సత్యభామ వచ్చినా దాన్ని వదులుకోవద్దు.

ప్రశ్న: నాటకాల ఆడోళ్ళకే ఇంత అసూయ ఎందుకండీ?
(ఒక పాఠకుడు, చిత్తూరు)

జవాబు: మొదటి కృష్ణుడు రాగం సాగదీసి సాగదీసి, మూడో కృష్ణుడు స్టేజీ ఎక్కేసరికి కోడి కూసిన రాత్రులు నాకు బాగా తెలుసు. అప్పుడు మూడో కృష్ణుడు గ్రీన్‌రూములో అన్న మాటలు పత్రికలో రాయడానికి కుదరదు సార్.