ధ్యానం సరే, ఆ నిద్రమాత్రను ఒక్కసారిగా ఎందుకు మానేశారు?

ప్రశ్న: నా వయసు 48. గుంటూరు దగ్గర ఒక ఊళ్లో ప్రభుత్వ పాఠశాల టీచరును. మా వారు చనిపోయి ఏడాదిన్నర అయింది. డిసెంబరు వస్తే మాకు తీరిక ఉండదు. సెమీ క్రిస్మస్ కూడికలు, క్వైర్ సాధన, రాత్రిళ్లు క్యారల్స్, ఇంట్లో పిండివంటలు. పోయినేడాది ఏదీ చేయలేదు. ఈసారి చేద్దామనుకున్నాను కానీ ఏటా మా వారు నిచ్చెన వేసుకుని కట్టే నక్షత్రం ఇంకా అటక మీదే ఉంది, దించబుద్ధి కావడం లేదు. మనసు కుదుటపడుతుందని డాలస్‌లో ఉన్న మా అమ్మాయి నా ఫోనులో మైండ్‌ఫుల్‌నెస్ అనే ధ్యానం నేర్పే యాప్ పెట్టించింది. ఆరు రోజులుగా ఉదయం పది నిమిషాలు చేస్తున్నాను. కళ్లు మూసుకుని శ్వాస మీద దృష్టి పెట్టగానే గుండె దడ, చేతుల వణుకు మొదలవుతున్నాయి. తప్పుగా చేస్తున్నానా? ఉదయం మంచిదా, రాత్రి మంచిదా? ఇది మొదలుపెట్టిన రోజునే, మా వారు పోయినప్పటి నుంచి రోజూ వేసుకుంటున్న నిద్రమాత్ర అల్ప్రాజోలం 0.5 మానేశాను. బీపీకి మాత్ర వాడుతున్నాను, శుక్రవారం ఉపవాస ప్రార్థన రోజు మాత్రం వేసుకోను. నెలసరి ఈమధ్య ఇరవై రోజులకే వస్తోంది, ఎక్కువగా అవుతోంది. చర్చి మేడ మీదున్న క్వైర్ గదికి వెళ్లాలంటే మెట్ల మధ్యలో ఒకసారి ఆగాల్సి వస్తోంది. అవన్నీ పండగయ్యాక చూపించుకుంటాను.
- ఒక పాఠకురాలు

సమాధానం: టీచరు గారూ, మీరు అడిగింది ధ్యానం గురించి. నా కళ్లు మాత్రం మీ ఉత్తరంలోని చివరి ఐదారు వాక్యాల దగ్గరే ఆగిపోయాయి. ఉదయమా, రాత్రా అన్నది తర్వాత చూద్దాం. పండగయ్యాక కాదు, వెంటనే ఒక ఫిజీషియన్‌కు చూపించుకోండి. ఈ ఒక్క మాట జవాబు వెలువడేదాకా ఆగకూడదని, మీకు ముందే ఫోను చేసి చెప్పమని పత్రిక డెస్కులో వారిని కోరాను. మీలాగే చేస్తున్నవారు ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి మిగతాదంతా రాస్తున్నాను.

మీరు ఒకే రోజు ఒకటి మొదలుపెట్టారు, ఒకటి మానేశారు. దడ రాగానే నింద మొదలుపెట్టినదాని మీద పడింది. నా అనుమానం మానేసినదాని మీద. ఏడాదిన్నర పాటు రోజూ వేసుకున్న అల్ప్రాజోలంను ఒక్క రాత్రిలో ఆపేస్తే, అంతకాలం అణిగి ఉన్న నాడీవ్యవస్థ ఉన్నట్టుండి పైకి లేస్తుంది. ఈత నేర్చుకునేటప్పుడు సొరకాయ బుర్రను నీళ్లలోకి నొక్కి వదిలితే ఎలా ఎగిరిపడుతుందో అలా. దడ, వణుకు, చెమటలు, నిద్ర లేకపోవడం, కారణం లేని భయం, చిన్న శబ్దానికే ఉలికిపడటం. కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. అందరికీ రావు, మీకు వస్తాయని చెప్పడం లేదు. వచ్చే అవకాశం ఉందని తెలిసి ఊరుకోలేను. ఆరు రోజులు గడిచాయి కదా, గండం దాటిందనీ అనుకోవద్దు. ఈ లక్షణాలు కొందరిలో వారాలపాటు ఉంటాయి.

పోయిన డిసెంబరులో ఒక రిటైర్డ్ ఉద్యోగిని ఆయన కొడుకు ఆటోలో తీసుకొచ్చాడు. స్నానాల గదిలో ఫిట్స్ వచ్చి పడిపోయారు, కనుబొమ మీద ఐదు కుట్లు పడ్డాయి. తలకు స్కాన్ తీశాం, ఏమీ లేదు. కొత్తగా ఏం మందులు వాడుతున్నారని అడిగితే ఏమీ లేవన్నారు. నిజమే, కొత్తవి ఏవీ లేవు. మూడు రోజుల ముందు పాతదాన్ని మానేశారు. ఏళ్ల తరబడి వేసుకుంటున్నది నిద్రమాత్రే కదా, దాన్ని మందుల లెక్కలో చెప్పాలని ఆయనకు తోచలేదు. మానడం మంచిదే కదా డాక్టరుగారూ, అన్నారు. మంచిదే. మెట్లు దిగడం మంచిదే, మేడ మీద నుంచి దూకడం కాదు.

ఈ మాత్రను మోతాదు తగ్గించుకుంటూ, వారాల మీద, కొందరిలో నెలల మీద మానిపిస్తాం. మీ విషయంలో ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాలా, ఎంత మోతాదులో, ఎన్నాళ్లకు ఎంత తగ్గించాలి అన్నది మిమ్మల్ని కళ్లారా చూసి, నాడి, బీపీ పరీక్షించిన డాక్టరు చెప్పాలి. ఉత్తరం చదివి నేను చెప్పేది కాదు. ఫోనులో అమ్మాయి చెప్పేది అంతకన్నా కాదు. వెళ్లేటప్పుడు తోడుగా ఎవరినైనా తీసుకెళ్లండి. స్కూటీ నడపకండి. మాట తడబడటం, మనుషులను పోల్చుకోలేకపోవడం, ఫిట్స్, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం వంటివి ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 108కి ఫోను చేయాలి.

ఇంతకీ ఈ మాత్ర మీకు ఎవరు రాశారు? ఉత్తరంలో లేదు. ఊహించగలను. అంత్యక్రియల రోజుల్లో ఎవరో బంధువు పాపం నిద్రపోవడం లేదని ఒకటి ఇచ్చి ఉంటారు, తర్వాత మెడికల్ షాపులో అలవాటయి ఉంటుంది. లేదా ఏ డాక్టరో పదిరోజులకు రాసిన చీటీ ఏడాదిన్నర నడిచి ఉంటుంది. ఊహ తప్పయితే క్షమించండి. నా ఓపీకి వచ్చేవారిలో సగం మంది కథ ఇదే కాబట్టి అంటున్నాను. అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు. 2014 నుంచి అమల్లో ఉన్న ఆ నిబంధన ప్రకారం చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు, మందు పరిమాణం వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. జరిగేది మీకూ తెలుసు. స్ట్రిప్‌లో నాలుగు మాత్రలు కత్తెరతో కత్తిరించి కాగితపు కవరులో వేసి ఇస్తారు. మందు పేరు, తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఏం వేసుకుంటున్నారమ్మా అంటే తెల్లది, చిన్నది అంటారు. ఆసుపత్రిలో ఉన్న తెల్ల మాత్రలన్నీ చిన్నవే. మీరు కనీసం పేరు రాశారు, అందుకు మెచ్చుకుంటున్నాను.

బీపీ మాత్ర పేరు మాత్రం రాయలేదు. అదీ ముఖ్యమే. అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి రకమైతే ఒక రోజు మానినా కొందరికి గుండె వేగం పెరిగి దడ వస్తుంది. మీ దడ శుక్ర, శనివారాల్లో ఎక్కువగా ఉంటోందేమో ఒకసారి గుర్తు చేసుకోండి. ఉపవాసం మీ ఇష్టం, కాదనను. మామూలు బీపీ మాత్రలు చాలావరకు గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చు. నీళ్లు కూడా ముట్టని ఉపవాసమైతే ఏ వేళకు మార్చుకోవాలో మీ డాక్టరును అడగండి. సుగరు మందులు వాడేవారి సంగతి వేరు, వారు అడగకుండా ఉపవాసం ఉండకూడదు.

ఇక మెట్ల దగ్గర ఆయాసం. ఇరవై రోజులకోసారి ఎక్కువగా రక్తం పోతుంటే, మెట్ల మధ్యలో ఆగుతుంటే ముందు గుర్తుకు రావలసింది రక్తహీనత. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి అది ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనత అంటాం. మరీ తగ్గితే ఉన్న కాస్త రక్తాన్నే తిప్పి తిప్పి పంపడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది. కళ్లు మూసుకుని నిశ్శబ్దంగా కూర్చుంటే ఆ కొట్టుకోవడం మీకు వినిపిస్తుంది. అంతమాత్రాన ధ్యానం దడ తెచ్చిందనలేం, ఉన్న దడను చూపించి ఉండవచ్చు. సీబీపీ (రక్తకణాల పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), సుగరు, ఈసీజీ చేయించండి. ఈ వయసులో ఆయాసానికి కారణం గుండెలో లేదని పరీక్షించాకే అనాలి. నెలసరి సంగతి గైనకాలజిస్టుకు చూపించండి. ఆగిపోయే వయసు కదా, ఇలాగే ఉంటుందిలే అని పక్కింటివారు చెబితే నమ్మకండి. ఆగిపోయే వయసులోనైనా నెలసరి ఇలా వరదవుతుంటే స్కాన్ తీసి చూడాల్సిందే. ఐరన్ మాత్రలు కూడా సొంతంగా మొదలుపెట్టవద్దు, ముందు రక్తపరీక్ష కానివ్వండి.

పండగయ్యాక అన్నారు. సంక్రాంతయ్యాక, పరీక్షలయ్యాక, పెళ్లయ్యాక... ఈ మాట వినీ వినీ విసిగిపోయాను. స్వీడన్‌లో 1998 నుంచి 2013 వరకు నమోదైన గుండెపోట్లను లెక్కవేసి చూస్తే, క్రిస్మస్ ముందురోజున మామూలు రోజులకన్నా 37 శాతం ఎక్కువగా కనిపించాయి. వారి చలి వేరు, మన వాతావరణం వేరు, ఆ అంకెను తెచ్చి గుంటూరుకు అంటించను. పండగపూట ఒంట్లో బాగోలేదని చెప్పడానికి మొహమాటపడటం మాత్రం అక్కడా ఇక్కడా ఉన్నదే. డిసెంబరు 24 రాత్రి క్వైర్ మధ్యలో మీరు కూర్చుండిపోతే పాట ఆగుతుంది. ఈ వారం ఒక పూట సాధనకు వెళ్లకపోతే ఏమీ ఆగదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. మైండ్‌ఫుల్‌నెస్ మీద నాకు చిన్నచూపు లేదు. 1979లో జాన్ కబట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో దీన్ని రోగులకు నేర్పడం మొదలుపెట్టారు. బౌద్ధ ధ్యానం నుంచి తీసుకున్నదే, మతపరమైన తంతు లేకుండా. ఎనిమిది వారాల తరగతులు, ఇంట్లో రోజూ ముప్పావుగంట సాధన. 2022లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆందోళన జబ్బుకు వాడే ఎస్సిటాలోప్రామ్ అనే మాత్రతో పోలిస్తే ఈ ఎనిమిది వారాల శిక్షణ తీసిపోలేదని తేలింది. ఈ వార్త ఫోన్లలో తిరిగి తిరిగి చివరికి మాత్రలు అక్కర్లేదు అన్న మాటగా మిగిలింది. ఆ అధ్యయనంలో ఉన్నవారికి జబ్బు నిర్ధారణ చేశారు, గురువు ఎదురుగా కూర్చోబెట్టి నేర్పారు. వాడుతున్న నిద్రమాత్రను ఒక్కరోజులో పారేయమని ఎవరికీ చెప్పలేదు. పది నిమిషాల యాప్ దానికి సమానం కాదు. పనికిరానిదనీ అనను.

మీరు తప్పుగా ఏమీ చేయడం లేదు. దడ ఉన్నవారికి, దుఃఖం పచ్చిగా ఉన్నవారికి కళ్లు మూసి శ్వాసను గమనించడం కొన్నిసార్లు భయాన్ని పెంచుతుంది. డాక్టరు చూసేదాకా ఆ పద్ధతి ఆపండి. తర్వాత కావాలంటే కళ్లు తెరిచే చేయండి. పాదాలు నేలకు ఆనిన చోట ఎలా ఉంది, గచ్చు చల్లగా ఉందా, వీధిలో ఏం వినిపిస్తోంది అని గమనించండి. ఐదు నిమిషాలు చాలు. దానికోసం విడిగా కూర్చోలేకపోతే కజ్జికాయలు చేసేటప్పుడు చేయండి. అంచును బొటనవేలితో మడుస్తున్నప్పుడు ఆ మడత మీదే ఉండండి. పిండి ఎంత మెత్తగా ఉంది, పూర్ణం ఎక్కడ బయటికి వస్తోంది, తర్వాతి మడత ఎక్కడ. మనసు జారి ఎక్కడికో వెళుతుంది, మళ్లీ మడత మీదికి తెచ్చుకోండి. పేరు ఏదైనా పని ఇదే. జంతికలు మాత్రం చేసి పిల్లలకు పెట్టండి, ఆ ఉప్పు మీ బీపీకి పనికిరాదు. క్యారల్స్‌కు వెళ్లిన ప్రతి ఇంట్లో ఇచ్చే కాఫీ కూడా తగ్గించండి, దడకు అదీ ఒక కారణమే. గొంతు పట్టేసిందని జలుబు మాత్రలు కొని వేసుకోకండి. వాటిలో కొన్ని బీపీని, దడను పెంచుతాయి.

వేళ అంటారా, ఉదయమే మేలు. రాత్రి మంచం మీద పడుకుని నిద్ర కోసం చేస్తే, నిద్ర పట్టిందా లేదా అని మిమ్మల్ని మీరే కాపలా కాస్తారు.

అటక మీది నక్షత్రం సంగతి నేను దాటవేయలేదు. ఈ ఏడాది దించకపోయినా ఏమీ కాదు. దించాలనిపిస్తే మీరు మాత్రం నిచ్చెన ఎక్కకండి, తల తిరిగే అవకాశం ఉన్న రోజులివి. చర్చి యువకులలో ఎవరినైనా పిలవండి. ఏడాది దాటాక కూడా దుఃఖం రోజూ పనికి, తిండికి, నిద్రకు అడ్డుపడుతుంటే దానికీ వైద్యం ఉంది, సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లడం అవిశ్వాసం కాదు. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

మీ అమ్మాయికి నా మాటగా చెప్పండి. యాప్ పెట్టించడం బాగుంది. ఈ రాత్రి వీడియో కాల్‌లో మీరు వాడుతున్న మాత్రలన్నీ ఒక పళ్లెంలో పోయించి, ఒక్కొక్కటీ ఏమిటో అడిగి రాసి పెట్టమనండి. కవరులో ఉన్న పేరులేని మాత్రలు కూడా. ఆ కాగితం తీసుకునే డాక్టరు దగ్గరికి వెళ్లండి. రిపోర్టులు వచ్చాక మళ్లీ ఉత్తరం రాయండి, ఈసారి బీపీ మాత్ర పేరుతో సహా.