భీమిలి దగ్గర స్థలం: కొనేముందు ఒక ఏడాది అద్దెకుండి చూడండి

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, నెలకు చేతికి 1,35,000 వస్తుంది. ఎక్కువగా ఇంటి నుంచే పని, నెలకు రెండుసార్లు ఆఫీసుకి వెళ్తే చాలు. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్, జీతం 38,000. పాప ఎనిమిదో తరగతి. అమ్మకి 68 ఏళ్లు, విజయనగరంలో ఒక్కతే ఉంటుంది, బీపీ, షుగర్ ఉన్నాయి. మియాపూర్‌లో 26,000 అద్దె కడుతున్నాం. భీమిలి, భోగాపురం మధ్య ఒక లేఅవుట్‌లో 200 గజాల స్థలం 48 లక్షలు చెబుతున్నారు, అక్కడి నుంచి సముద్రం కనిపిస్తుంది. ఎయిర్‌పోర్టు వల్ల రేటు రెట్టింపు అవుతుందంటున్నారు. కొని, రెండేళ్లలో ఇల్లు కట్టుకుని, అమ్మని తెచ్చుకుని అక్కడే ఉండిపోదామని ఆలోచన. ఎఫ్‌డీ 18 లక్షలు, మ్యూచువల్ ఫండ్స్ 11 లక్షలు, పీఎఫ్ 14 లక్షలు ఉన్నాయి. ఆదివారంలోగా 2 లక్షలు టోకెన్ ఇమ్మంటున్నారు. ఇవ్వొచ్చా?

జవాబు: ఆదివారం ఇవ్వకండి. ఈ ఒక్క మాట ముందు చెప్పేస్తున్నాను, ఎందుకంటే మిగతాదంతా నిదానంగా చదువుకోవచ్చు గానీ టోకెన్ ఒకసారి చేయి దాటాక దాన్ని వెనక్కి రాబట్టుకోవడం ఎంత కష్టమో నా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామందికి అనుభవమే.

మీ ఉత్తరంలో రెండు కోరికలు కలిసిపోయాయి. అమ్మని దగ్గర పెట్టుకుని, సముద్రపు గాలి పీలుస్తూ ఉండాలన్నది ఒకటి. రేటు పెరిగితే నాలుగు డబ్బులు మిగలాలన్నది ఇంకొకటి. రెండూ మంచివే, కానీ ఒకే 200 గజాల స్థలం ఈ రెంటినీ తీర్చాలని మీరు చూస్తున్నారు, ఇబ్బంది అక్కడే వస్తోంది. పెరగడానికి కొనే స్థలం ఊరికి దూరంగా, ఇంకా ఏమీ రాని చోట ఉంటుంది. ఉండటానికి కొనే ఇల్లు ఆస్పత్రి, స్కూలు, బస్సు, మందుల షాపు ఇప్పటికే ఉన్న చోట ఉండాలి. మీ అమ్మగారికి రాత్రి పదకొండింటికి ఛాతీలో బరువుగా ఉందంటే భీమిలి అవతలి నుంచి విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి ముప్పై కిలోమీటర్లకు పైనే వెళ్లాలి. అమ్మ కోసమే మారుతున్నప్పుడు సముద్రం కనిపించడం కన్నా ఇది ముందు చూసుకోవాల్సిన విషయం.

ఇక లెక్క. 48 లక్షల మీద స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం కలిపి ఏడున్నర శాతం, అంటే 3,60,000. మొత్తం 51,60,000. స్థలం లోను 30 లక్షలు తీసుకున్నారనుకుందాం, తొమ్మిదిన్నర శాతం వడ్డీకి పదిహేనేళ్లు వేసుకుంటే నెలకు 31,300 దాకా ఈఎంఐ. మిగతా 21,60,000 మీ చేతి నుంచి వెళ్లాలి, అంటే ఎఫ్‌డీ మొత్తం ఊడ్చేసి ఫండ్స్‌లోంచి ఇంకో మూడున్నర లక్షలు తీయాలి. స్థలం ఖాళీగా ఉన్నంతకాలం ఆ వడ్డీకి పన్ను మినహాయింపు కూడా రాదు. ఆ తర్వాత ఇల్లు. 1,500 చదరపు అడుగులకి, అడుగుకి రెండు వేలే వేసుకున్నా 30 లక్షలు, దానికి ఇరవై ఏళ్ల లోను ఎనిమిదిన్నర శాతానికి అయితే మరో 26 వేలు. రెండూ కలిపి నెలకు 57 వేలు దాటింది. అక్కడికి మారితే మీ భార్య ఉద్యోగం ఆగిపోతుంది, కాబట్టి ఈ 57 వేలు మీ ఒక్కరి 1,35,000 లోంచే పోవాలి. సరిగ్గా ఆ సమయానికి పాప ఇంటర్‌లోకి వస్తుంది, కోచింగ్ ఫీజులు మొదలవుతాయి. కంపెనీ వాళ్లు వారానికి మూడు రోజులు ఆఫీసుకి రమ్మంటే? సికింద్రాబాద్ వందే భారత్ ఎక్కినా ఎనిమిది గంటలకు పైనే, వారం వారం అలా తిరగడం ఎవరి వల్లా కాదు. హైదరాబాద్‌లో ఒక గది అద్దె కూడా అప్పుడు మీ ఖర్చులో చేరుతుంది.

ఎయిర్‌పోర్టు గురించి. భోగాపురానికి విమానాశ్రయం అన్న మాట మీద అక్కడ స్థలాలు అమ్మడం ఈ రోజు మొదలైంది కాదు. దానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో మరోసారి శంకుస్థాపన జరిగింది. మొదటి శంకుస్థాపన నాటికే రేట్లలో ఆ ఆశ చేరిపోయింది. మీకు చెబుతున్న 48 లక్షల్లో ఎయిర్‌పోర్టు ధర ఇప్పటికే ఉంది, మీరు దాన్ని కొంటున్నారు, అది మీకు కలిసిరావడం లేదు. ఇంకా పెరగదని నేను అనడం లేదు. పెరిగినా, అమ్మ ఉంటున్న ఇంటిని మీరు అమ్ముకుంటారా? అమ్మనప్పుడు ఆ పెరుగుదల మీ జేబులోకి రాదు, ఈఎంఐ మాత్రం ప్రతి నెలా వెళ్తూనే ఉంటుంది.

సముద్రం కనిపిస్తుందని రాశారు కదా, నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టిన మాట అదే. పోటు సమయంలో నీళ్లు వచ్చే గీత నుంచి 500 మీటర్ల వరకు సీఆర్‌జెడ్, అంటే తీరంలో కట్టడాలను అదుపు చేసే నిబంధనలు వర్తిస్తాయి. పల్లె ప్రాంతాల్లో జనసాంద్రతను బట్టి గీత నుంచి 50 మీటర్లో 200 మీటర్లో కొత్త కట్టడాలకు వీల్లేదు. రిజిస్ట్రేషన్ అయిపోయినంత మాత్రాన ఇల్లు కట్టుకోవచ్చని కాదు, చాలామంది పొరపడేది ఇక్కడే. సర్వే నంబరు పట్టుకుని కోస్తా మండలి నిర్వహణ ప్రణాళిక మ్యాపులో ఆ స్థలం ఏ జోన్‌లో పడిందో చూడాలి. ఆ తీరంలో ఎర్రమట్టి దిబ్బలు కూడా ఉన్నాయి, అవి భూవారసత్వ స్థలం. వాటి పక్కనే ఫలానా లేఅవుట్ అని ఎవరైనా గొప్పగా చెబితే ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువ అడగండి.

కాగితాల సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ వైపు చాలా భూములు ఒకప్పటి జీడితోటలు, సరుగుడు తోటలు. వాటి మధ్య పేదలకు ఇచ్చిన డి-పట్టా భూములు, గెడ్డ పోరంబోకు, అంటే వాగుల వెంట ఉండే ప్రభుత్వ భూమి ఉంటాయి. 1977 చట్టం ప్రకారం ఇలా పేదలకు ఇచ్చిన (అసైన్డ్) భూములు చేతులు మారడం మీద నిషేధం ఉంది, తర్వాత వచ్చిన సడలింపులకు షరతులున్నాయి. కాబట్టి రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22-ఏ జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో మొదట చూడండి. ముప్పై ఏళ్ల ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల పత్రం), పాత అమ్మకాల లింకు డాక్యుమెంట్లు, రెవెన్యూ రికార్డులైన అడంగల్, వన్-బీ, విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ ఇచ్చిన ఎల్పీ (లేఅవుట్ అనుమతి) నంబరు, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ఏపీ రెరా ఇచ్చే నంబరు అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కి రెరా రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి, అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. "అప్లై చేశాం, వచ్చేస్తుంది" అంటే రాలేదని అర్థం. కొంత వైట్, కొంత క్యాష్ అని అడిగితే అక్కడితో వదిలేయండి. బ్యాంకు లోను కాగితం మీది ధరకే ఇస్తుంది, రేపు మీరు అమ్మినప్పుడు కొన్న ధరగా చూపించగలిగేది కూడా అదే.

ఇప్పుడు సముద్రం పక్కన కాపురం గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ ఖర్చు ఏ బ్రోషర్లోనూ కనిపించదు. మా బాబాయి గారి ఫ్లాటు విశాఖ బీచ్ రోడ్డు మీద, నాలుగో అంతస్తు. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు వంటగది కిటికీ గ్రిల్లు మీద చెయ్యి వేస్తే పెయింటు పొరతో పాటు ఇనుము పెచ్చులుగా ఊడి అరచేతికి అంటుకుంది. రంగు వేయించి రెండేళ్లు కూడా కాలేదు. ఏసీ బయటి యూనిట్‌లో కాయిల్ రెండుసార్లు మార్చారు, గ్యాస్ పొయ్యి కింది రేకు చిల్లులు పడింది, తలుపు బందులు మూడోసారి ఇత్తడివి వేయించారు. పిన్ని వారానికోసారి కొబ్బరినూనె గుడ్డతో ఆ బందులు తుడుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు బాల్కనీ అద్దాల తలుపు పగిలి హాల్లో చీలమండ దాకా నీళ్లు, తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, నాలుగో అంతస్తుకి బకెట్లతో నీళ్లు మోశారు. వాళ్లకి ఆ ఇల్లంటే ఇప్పటికీ ప్రాణం, అమ్మమంటే అమ్మరు. కానీ ఏటా మరమ్మతులకని విడిగా డబ్బు తీసి పెడతారు, మీరూ పెట్టుకోవాలి.

ఉప్పుగాలి గోడ లోపలి ఇనుముని కూడా వదలదు. తీరంలో బయటి గాలికి నేరుగా తగిలే కట్టడానికి కనీసం ఎం30 రకం గట్టి కాంక్రీటు, ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర (కవర్) ఉండాలని కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. మామూలు మేస్త్రీ వేసే, అంతకన్నా తక్కువ బలమున్న ఎం20కి, దీనికి ఖర్చులో తేడా ఉంటుంది, నేను పైన వేసిన రెండు వేల లెక్క దీనికి సరిపోదు. బోరు నీళ్లు ఏప్రిల్, మే నెలల్లో నోట్లో పోసుకుని చూడండి. చుట్టుపక్కల అందరూ తోడేస్తే సముద్రపు నీరు లోపలికి చొచ్చుకొస్తుంది.

నేనైతే ఏం చేస్తానంటే, వచ్చే జూన్‌లో పాప స్కూలు సమయానికి విశాఖలోని మధురవాడలోనో కొమ్మాదిలోనో అద్దెకు దిగుతాను. 18 వేలలో ఇల్లు దొరికినా మియాపూర్ అద్దె మీద నెలకు 8 వేలు మిగులుతాయి. అమ్మని అప్పుడే తెచ్చుకోవచ్చు, రెండేళ్లు ఆగక్కర్లేదు. ఒక అక్టోబరు, నవంబరు తుపాను కాలం, ఒక మే నెల ఉక్కపోత చూసేస్తారు. మీ భార్యకి అక్కడ స్కూల్లో ఉద్యోగం దొరుకుతుందో లేదో, మీ కంపెనీ మాట మీద నిలబడుతుందో లేదో కూడా తేలిపోతుంది.

ఏడాది తర్వాత కూడా అక్కడే ఉండాలనిపిస్తే, హైవేకి దగ్గర్లో, సముద్రానికి రెండు మూడు కిలోమీటర్లు లోపల, కట్టడం పూర్తయి సర్టిఫికెట్ ఉన్న ఫ్లాటు చూడండి, దానికి జీఎస్టీ ఉండదు. 55 లక్షల లోపు పెట్టుకోండి. 40 లక్షల లోను ఎనిమిదిన్నర శాతానికి ఇరవై ఏళ్లంటే 34,700 ఈఎంఐ, మీ జీతంలో నాలుగో వంతు, మీ ఒక్కరి జీతంతోనే మోయగలరు. రిజిస్ట్రేషన్‌తో కలిపి చేతి నుంచి 19 లక్షల చిల్లర కావాలి. ఎఫ్‌డీలోంచి 13, ఫండ్స్‌లోంచి 6 తీయండి. మిగిలే 5 లక్షల ఎఫ్‌డీ ఆస్పత్రికి, ఉద్యోగం కాస్త అటూ ఇటూ అయితే ఇంటికి, 5 లక్షల ఫండ్స్ పాపకి. పీఎఫ్ ముట్టుకోవద్దు. ధర 50 లక్షలు గానీ అంతకు మించి గానీ ఉంటే అమ్మేవాళ్లకి ఇచ్చే డబ్బులో 1 శాతం టీడీఎస్ (పన్నుగా ముందే కోసుకునే మొత్తం) మీరే కట్టాలి, మర్చిపోవద్దు. తాళాలు చేతికొచ్చిన రోజే భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ తీసుకోండి. తుపాను, వరద రెండూ అందులో ఉంటాయి. బీమా మొత్తం కట్టుబడి ఖర్చుకి లెక్క కడతారు, భూమి విలువకి కాదు.

ఇంత చెప్పినా ఆ స్థలం మీదే మనసుంటే, ఏజెంటుకి ఈ రోజే ఫోన్ చేసి సర్వే నంబరు, ఎల్పీ నంబరు, రెరా నంబరు మెసేజ్ చేయమనండి. సోమవారం ఎవరైనా లాయరు చేత ఈసీ తీయించి, ఆ నాలుగు కాగితాలూ నాకు పంపండి, చూసి చెబుతాను.