గాయని చెవిలో గొంతు లేటు

ప్రశ్న: విశాఖ కళాభారతి హాల్లో కచేరీలకు మిక్సర్‌కి ల్యాప్‌టాప్ కలిపి ప్లగిన్‌లతో (ధ్వనిని మార్చే సాఫ్ట్‌వేర్‌లు) గొంతుకి కంప్రెసర్ (హెచ్చుతగ్గులు సర్దేది), రివర్బ్ (హాలు మోతలాంటిది) వేస్తున్నాను సార్. చెవిలో మానిటర్ (ఇయర్‌ఫోన్) పెట్టుకున్న గాయని తన గొంతు డొల్లగా వినిపిస్తోందంటోంది. ప్లగిన్‌లు నడపడానికి విడిగా సర్వర్ కొనాలా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ముందు బఫర్, అంటే ల్యాప్‌టాప్ ఒక్కో విడతలో పోగేసుకునే ధ్వని ముక్క, ఎంతుందో చూడండి. 48 కిలోహెర్ట్జ్‌లో (సెకనుకి 48 వేల శాంపిల్స్) 256 శాంపిల్స్ అంటేనే 5.3 మిల్లీసెకన్లు, అది వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ పడుతుంది కాబట్టి 10 దాటుతుంది, ఆ లేటు గొంతు ఆమె లోపలి నుంచి నేరుగా వినే గొంతుతో కలిసి డొల్లగా వినిపిస్తుంది. బఫర్ 64కి తగ్గిస్తే ల్యాప్‌టాప్ లెక్కలు అందుకోలేక ధ్వని చిటపటలాడొచ్చు. సౌండ్‌గ్రిడ్ లాంటి నెట్‌వర్క్ ఆడియో వ్యవస్థల్లో ప్లగిన్ల లెక్కలన్నీ విడి సర్వర్ చేస్తుంది, లేటు బాగా తగ్గుతుంది, కానీ గిగాబిట్ స్విచ్ (నెట్‌వర్క్ కేబుళ్లు కలిపే పెట్టె) కావాలి, వైఫై మాట మర్చిపోండి. నన్నడిగితే ఇప్పుడే డబ్బు పెట్టొద్దు. మానిటర్‌కి ప్లగిన్ లేని గొంతు పంపి, రివర్బ్ మాత్రం విడిగా కలపండి, రివర్బ్‌కి 10 మిల్లీసెకన్లు ఓ లెక్కా! బీచ్‌రోడ్డు ప్రోగ్రాంలకైతే స్పేర్ నెట్‌వర్క్ కేబుల్ ఉంచుకోండి, ఉప్పుగాలికి పిన్నులు పాడవుతాయి.