సిమ్స్ 2 బోరు కొట్టిందా? ఒక కుటుంబం వదిలేసి ఊరు ఆడండి

మీ ప్రశ్న సారాంశం ఇదీ: మనుషుల్నీ ఇళ్లనీ నడిపే కంప్యూటర్ గేమ్ సిమ్స్ 2 మళ్లీ ఇన్‌స్టాల్ చేశారు, మదర్‌లోడ్ (ఊరికే డబ్బిచ్చే చీట్ కోడ్) నాలుగైదుసార్లు కొట్టి పెద్ద ఇల్లు కట్టారు, రెండో రోజుకే ఏం చెయ్యాలో తోచలేదు. అలా ఆడితే ఎవరికైనా అంతే. మదర్‌లోడ్ ఒక్కసారికి 50,000 ఇస్తుంది. కొత్త కుటుంబానికి ఆట ఇచ్చేదే 20,000. నాలుగుసార్లు కొట్టాక ఆ ఇంట్లో ఎవరూ ఉద్యోగానికి వెళ్లక్కర్లేదు, బిల్లుకి భయపడక్కర్లేదు. ఇక ఆడటానికి మిగిలేది సోఫాల రంగులు మార్చడమే.

నా సలహా: చీట్లు పక్కన పెట్టి, ఆరేడు ఇళ్లను వంతులవారీగా ఆడండి. సిమ్స్ 2లో ప్రతి ఇంటికీ గడియారం విడిగా ఉంటుంది. ఏ ఇంట్లోంచి ఏ నిమిషంలో బయటికొచ్చారో మళ్లీ వెళ్లినప్పుడు అక్కడినుంచే మొదలవుతుంది. మీరు ఆడకపోతే ఆ ఇంట్లోవాళ్లకి వయసు పెరగదు. అందుకే ఒకే ఇల్లు ఆడుతూ పోతే మీవాళ్లు ముసలివాళ్లవుతారు, పక్కింటి పిల్లాడు మాత్రం ఎప్పటికీ పిల్లాడే. సిమ్స్ 3లో ఊరంతా ఒకే కాలం నడుస్తుంది కాబట్టి అక్కడ ఈ పద్ధతి ఇంత బాగా కుదరదు.

ఒక వంతు అంటే ఇంటికి 5 రోజులు పెట్టుకోండి. అయిదే ఎందుకంటే, సీజన్స్ ప్యాక్‌లో (ప్యాక్ అంటే ఆటకి జోడించే అదనపు భాగం) ఒక్కో ఋతువు 5 రోజులు, అదీ ఇంటింటికీ విడిగానే లెక్క. అందరినీ అయిదేసి రోజులు నడిపితే ఊరంతా ఒకే ఋతువులో ఉంటుంది. వయసులు కూడా దీనికి భలే కుదురుతాయి: పసిబిడ్డ 3 రోజులు, నడక నేర్చే వయసు 4, పిల్లలు 8, మొత్తం 15, అంటే మూడు వంతులు. టీనేజ్ 15 రోజులు, ఇంకో మూడు వంతులు. పెద్దవాళ్లకి 29 రోజులు, దాదాపు ఆరు వంతులు. మామూలు వేగంలో ఆటలో ఒక నిమిషం మనకి ఒక సెకను, రోజు 24 నిమిషాలు, కాబట్టి ఒక వంతు రెండు గంటలు. నిద్ర, ఆఫీసు సమయాల్లో వేగం పెంచితే ఇంకా తక్కువే. ఇళ్లు ఎనిమిది దాటనివ్వకండి. దాటితే మొదటి ఇంటికి తిరిగొచ్చేసరికి ఎవరు ఎవరితో గొడవపడ్డారో మీకే గుర్తుండదు.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, ఎక్సెల్ షీటైనా సరే. ఇంటి పేరు, ఎన్నో వంతు, ఏ రోజు ఏ గంటకి ఆపారు, ఎవరు గర్భవతి, ఎవరి పుట్టినరోజు ఎప్పుడు, ఇవి రాసుకుంటే చాలు. అందరినీ ఒకే గంటకి ఆపడం మంచిది. ఉదయం 6 అయితే స్కూల్ బస్సుకి ముందు కాబట్టి సౌకర్యం. ఈ ఆటలో ఆటోసేవ్ లేదు. కరెంటు పోతే పోయినట్టే, గంటకోసారి సేవ్ చేసుకోండి.

యూనివర్సిటీ ప్యాక్‌లో పిల్లల్ని కాలేజీకి పంపితే లెక్క తప్పుతుంది. ఒక్కో సెమిస్టర్ 72 గంటలు, మొత్తం ఎనిమిది, అంటే 24 రోజులు. ఆ కాలమంతా ఇంటి దగ్గర గడియారం కదలదు. ఒకేసారి చదువు ముగించేస్తే, కొడుకు డిగ్రీతో వచ్చేసరికి చెల్లెలు ఇంకా నిన్నటి హోంవర్కే చేస్తుంటుంది. ఊళ్లో ఒక వంతు పూర్తయితే కాలేజీలో రెండు సెమిస్టర్లు అనుకోండి, నాలుగు వంతులకి డిగ్రీ చేతికొస్తుంది.

డబ్బు దగ్గర ఆటలోనే ఒక కన్నం ఉంది. పిల్లలు పెద్దయ్యి వేరుకాపురం పెడితే, తల్లిదండ్రుల ఖాతాలో పైసా తగ్గకుండానే వాళ్ల చేతికి 20,000 వచ్చిపడతాయి. ఊళ్లో తిరిగే టౌనీని (ఆటే తయారుచేసిన, సొంతిల్లు లేని పాత్ర) పెళ్లి చేసుకుని ఇంటికి తెచ్చుకున్నా డబ్బు వెంటవస్తుంది. నాలుగు పెళ్లిళ్లయ్యేసరికి ఊళ్లో పేదవాడనేవాడు ఉండడు. దీన్ని సరిచెయ్యడానికి ఊరంతా కనిపించే నైబర్‌హుడ్ తెరమీద కంట్రోల్, షిఫ్ట్, సి నొక్కి ఫ్యామిలీఫండ్స్ చీట్ వాడండి: ఆ పదం, తర్వాత ఇంటిపేరు, తర్వాత మొత్తం. నేను ఒప్పుకునే చీట్ ఇదొక్కటే, ఎందుకంటే ఇది డబ్బు తగ్గించడానికి. కొడుకుదీ తండ్రిదీ ఒకే ఇంటిపేరు కాబట్టి చీట్ పొరపాటున పెద్దాయన ఖాతా మీద పడే వీలుంది. వేసిన వెంటనే రెండిళ్ల డబ్బూ చూసుకోండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ఆటతో వచ్చే ప్లెజెంట్‌వ్యూ అనే ఊళ్లో బ్రోక్ కుటుంబం తీసుకోండి. బ్రాండీ భర్త స్కిప్ ఈతకొలనులో పోయాడు. బ్రాండీకి టీనేజ్ కొడుకు డస్టిన్, నడక కూడా రాని బో, కడుపులో ఇంకొకరు. ఇల్లు పాత ట్రైలర్, చేతిలో చిల్లర. మంగళవారం, గురువారం బిల్లులొస్తాయి. కట్టకపోతే కవరు పసుపు, తర్వాత ఎరుపు, ఆపైన రెపోమాన్ వచ్చి సామాను ఎత్తుకుపోతాడు. బోకి నడక, మాట, పాటీ (టాయిలెట్ అలవాటు), మూడూ నేర్పడానికి నాలుగు రోజుల్లో మిగిలినవే గడువు. ఒకటి నేర్పేసరికి బ్రాండీ నిద్రకి తూలిపోతుంది. డస్టిన్‌ని బడి అయ్యాక పనికి పంపితే డబ్బొస్తుంది, కానీ హోంవర్క్ మూలపడితే మార్కులు ఎఫ్‌కి దిగజారి సోషల్ వర్కర్ గుమ్మంలోకి వస్తుంది. నానీని పెడదామంటే గంటకింత ఇవ్వాలి. ఇవన్నీ ఆటలో 2004 నుంచీ ఉన్నవే, మదర్‌లోడ్ కొట్టేవాళ్లకి కనపడవంతే.

తర్వాత మీ పెత్తనం తగ్గించుకోండి. టీనేజ్‌లోకి వచ్చే ప్రతివాడి యాస్పిరేషన్ (జీవిత లక్ష్యం) మీరు ఎంచకుండా పాచిక వేయండి. నైట్‌లైఫ్ ప్యాక్ ఉంటే ఫ్యామిలీ, ఫార్చ్యూన్, నాలెడ్జ్, పాపులారిటీ, రొమాన్స్, ప్లెజర్, సరిగ్గా ఆరు. (గ్రిల్డ్ చీజ్ అనే ఏడోది ఉంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.) తెరమీద కనిపించే నాలుగు కోరికల్లో ఒకదాన్ని రైట్‌క్లిక్‌తో లాక్ చేసి, ఆ వంతు అయ్యేలోపు అది తీర్చాలి అని నియమం పెట్టుకోండి. మూడు భయాల్లో ఏదైనా నిజమైతే సేవ్ చెయ్యకుండా బయటికి రాకండి, జరగనివ్వండి. యాస్పిరేషన్ పూర్తిగా పడిపోతే వచ్చే డాక్టరునీ, పలకరించేవాళ్లు లేనప్పుడు కుందేలు రూపంలో ప్రత్యక్షమయ్యే సోషల్ బన్నీనీ చాలామంది ఏళ్లు ఆడినా చూసి ఉండరు.

ఓపెన్ ఫర్ బిజినెస్, సీజన్స్ రెండూ ఉంటే ఒక ఇంటిని పూర్తిగా రైతు కుటుంబం చెయ్యండి. టమాటా, వంకాయ, మిరప పండించి, ఒక చిన్న కమ్యూనిటీ లాట్ (ఎవరూ కాపురముండని స్థలం) కొని అక్కడ అమ్మండి. చలికాలంలో పండాలంటే గ్రీన్‌హౌస్ కట్టాలి. పురుగుమందు పదేపదే కొడితే మీ రైతు ఆకుపచ్చ రంగు ప్లాంట్‌సిమ్‌గా మారిపోతాడు, కలుపు తీస్తూ చెట్లతో మాట్లాడితే మందు అవసరం తగ్గుతుంది. దుకాణంలో ధరలు మొదటిరోజే పెంచకండి. కస్టమర్లు నక్షత్రాలు తగ్గించేసి వెళ్లిపోతారు, తిరిగి సంపాదించడం కష్టం.

పేరున్న ఛాలెంజ్‌లు కూడా ఉన్నాయి. లెగసీ అంటే ఖాళీ స్థలంలో ఒక్క మనిషితో మొదలై పది తరాలు. అసైలమ్ అంటే ఎనిమిది మంది ఒకే ఇంట్లో, మీ మాట వినేది ఒక్కరే. ఇందులో ఎక్కువమంది పొయ్యి దగ్గరే ఓడిపోతారు, వంట రానివాడు అర్ధరాత్రి స్టవ్ వెలిగిస్తాడు. వంటగదిలో స్మోక్ అలారం పెడితే ఫైరింజన్ దానంతటదే వస్తుంది.

ఊరంతా ఆడేటప్పుడు జాగ్రత్త ఎక్కువ కావాలి, ఎందుకంటే నెలల పని ఒకే ఫోల్డర్‌లో ఉంటుంది. సమాధి రాళ్లని డిలీట్ చెయ్యొద్దు. నచ్చని కుటుంబాన్ని చెత్తబుట్టలో వెయ్యొద్దు. మనుషులున్న ఇంటిని లాట్ బిన్‌లోకి (ఇళ్లు దాచుకునే చోటు) లాగి వేరే ఊళ్లో పెట్టొద్దు. ప్రతి సిమ్‌కీ (ఆటలోని మనిషికీ) ఒక ఫైలుంటుంది, ఊళ్లో మిగతావాళ్ల జ్ఞాపకాలూ బంధుత్వాలూ దాన్ని చూపిస్తుంటాయి. ఆ ఫైలు పోతే లింకులు గాల్లో వేలాడి, మెల్లగా ఊరంతా పాడవుతుంది. పాడైన సంగతి పది వంతుల తర్వాత గానీ తెలియదు. స్ట్రేంజ్‌టౌన్ అనే ఇంకో ఊళ్లో కనిపించే బెల్లాని ప్లెజెంట్‌వ్యూకి తెచ్చి ఆమె భర్త మోర్టిమర్‌తో కలపాలనే ఆశ కూడా ఇక్కడే బెడిసికొడుతుంది.

ప్రతి వంతుకి ముందు డాక్యుమెంట్స్‌లో ఈఏ గేమ్స్ కింద ఉండే ఆట ఫోల్డర్‌లోంచి నైబర్‌హుడ్స్ ఫోల్డర్‌ని కాపీ చేసి తేదీతో పేరు పెట్టండి. అందులో ఎన్001 ప్లెజెంట్‌వ్యూ, ఎన్002 స్ట్రేంజ్‌టౌన్, ఎన్003 వెరోనావిల్. అన్నీ కొత్తగా కావాలంటే మొత్తం ఆట ఫోల్డర్ పేరు మార్చి ఆట తెరవండి, తాజా ఊళ్లు తయారవుతాయి.

పాత డిస్కులు విండోస్ 11లో మొరాయిస్తుంటే వాటితో కుస్తీ పట్టకండి, 2025 జనవరి 31న వచ్చిన సిమ్స్ 2 లెగసీ కలెక్షన్ (ఆటా ప్యాక్‌లూ కలిపి) తీసుకోండి. ఐకియా స్టఫ్ ప్యాక్ ఒక్కటే అందులో లేదు. గోడలూ బట్టలూ గులాబీ రంగుకి తిరిగితే టెక్స్చర్ మెమరీ (వస్తువుల పై రూపాన్ని ఆట దాచుకునే జాగా) నిండిందని అర్థం. సేవ్ చేసి ఆట మూసి మళ్లీ తెరవండి. మళ్లీ అలాగే వస్తే, నెట్ నుంచి తెచ్చిన అదనపు సామాను ఉండే ఆట డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో సగం తీసి పక్కన పెట్టి చూడండి, తగ్గితే బరువు ఆ తీసిన సగంలోనే ఉంది. సాధారణంగా అది పెద్ద సైజు జుట్టు ఫైళ్లే అయ్యుంటుంది.