కీర్తనల సీడీలు వెయ్యి కాపీలు చేయించాలి: ఎవరికివ్వాలి, ఎలాంటి కవర్ పెట్టాలి?

మీకు కావాల్సింది ఇదీ అని నాకు అర్థమైంది: మీ గురువుగారు పాడిన అన్నమయ్య కీర్తనలు వెయ్యి సీడీలు చేయించాలి, విడుదలకు ముందు పాటలు బయటికి పొక్కకూడదు, అమెరికాలో ఉన్న శిష్యులకు పోస్టులో పంపితే పగలకుండా చేరాలి. విజయవాడలో భక్తి ఆల్బమ్‌లు చేసే చిన్న స్టూడియోలో చాలా ఏళ్లు ప్రొడక్షన్ పని చూశాను, అందుకని నాకు తెలిసింది రాస్తున్నాను. ఈ రోజుల్లో సీడీ ఎందుకండీ అని అడిగేవాళ్లు ఉంటారు, పట్టించుకోకండి. గురువుగారి పాదాల దగ్గర పెట్టి ఆవిష్కరించడానికి యూట్యూబ్ లింకు పనికిరాదు కదా.

ముందు ప్రెస్సింగా, రైటింగా తేల్చుకోండి. చాలా షాపులవాళ్లు "సీడీ ప్రింటింగ్" అని ఆర్డర్ తీసుకుని, ఖాళీ సీడీఆర్‌ల మీద పాటలు రైట్ చేసి, పైన బొమ్మ ప్రింట్ చేసి ఇస్తారు. యాభై, వంద కాపీలకు అది చాలు. వెయ్యి కావాలంటే మాత్రం ప్రెస్సింగే చేయించండి. ప్రెస్సింగ్‌లో ముందు గాజు మాస్టర్ తయారుచేసి, దాని నుంచి నికెల్ స్టాంపర్ తీస్తారు. ఆ స్టాంపర్‌తో పాలికార్బొనేట్ డిస్కులు అచ్చుపోస్తారు. స్టాంపర్ ఖర్చు వంద కాపీలకైనా వెయ్యి కాపీలకైనా ఒకటే, కాబట్టి కాపీలు పెరిగేకొద్దీ రేటు దిగుతుంది. సీడీఆర్‌లో డేటా ఉండేది రంగు పొరలో, అది ఎండకూ వేడికీ పాడవుతుంది. శాంపిల్ డిస్కు తిప్పి చూస్తే మీకే తెలిసిపోతుంది: ప్రెస్ చేసినది శుభ్రమైన వెండి రంగులో ఉంటుంది, సీడీఆర్ అడుగున ఎక్కువగా ఆకుపచ్చ, నీలం ఛాయ కనిపిస్తుంది.

సీడీ అంటే అడుగువైపు గీతలు పడకుండా చూస్తే చాలనుకుంటారు గానీ, నిజానికి ప్రమాదం పైవైపే ఎక్కువ. 1.2 మిల్లీమీటర్ల మందంలో దాదాపు అంతా అడుగునున్న ప్లాస్టిక్కే. పాటలున్న అల్యూమినియం పొరకు పైన ఉండేది పల్చటి లాకర్ (వార్నిష్ లాంటి రక్షణ పూత), దాని మీద ప్రింటు, అంతే. లాకర్ సరిగా లేకపోతే గాలీ తేమా లోపలికి దిగుతాయి. ఇది పెద్ద కంపెనీలకూ జరిగింది. ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్‌లో ఫిలిప్స్, డ్యుపాంట్ కలిసి నడిపిన ప్లాంటులో 1988 నుంచి 1993 దాకా అచ్చైన కొన్ని సీడీలు కొన్నేళ్లకే కంచు రంగుకు తిరిగిపోయాయి. కవర్ కాగితంలోని గంధకాన్ని ఆ లాకర్ తట్టుకోలేకపోయింది. అంటే కవర్ కాగితం కూడా డిస్కును పాడుచేయగలదన్నమాట. కాబట్టి డిస్కు ఒకచోట, కవర్ చవకగా ఇంకోచోట చేయించేటప్పుడు కాగితం గురించి అడగండి. డిస్కుకు తగిలే లోపలి కవర్ యాసిడ్ లేని కాగితమైతే మంచిది. పైన స్టిక్కర్లు అతికించడం మాత్రం అసలు వద్దు: బరువు ఒక పక్కకు వాలుతుంది, తీయబోతే పొర కూడా ఊడొస్తుంది.

ఇక పాటలు పొక్కడం గురించి. మా ఆల్బమ్ ఒకటి విడుదలకు ముందే ఫుట్‌పాత్ మీద ఎంపీత్రీ సీడీలో దొరికింది. ఎక్కడ జారిందో ఎవరూ ఒప్పుకోలేదు. అప్పటి నుంచి పని ఇచ్చే ముందు కొన్ని విషయాలు కాగితం మీద రాయించుకునేవాళ్లం. ప్లాంట్లు ఆర్డర్ కంటే కొన్ని ఎక్కువో తక్కువో అచ్చు వేయడం మామూలే, పది శాతం దాకా తేడా ఉండొచ్చని షరతుల్లోనే రాస్తారు. ఆ ఎక్కువ కాపీలు కూడా మీకే అప్పగించాలి, పాడైనవి ముక్కలు చేయాలి, స్టాంపర్ మీకివ్వాలి లేదా నాశనం చేశామని లెటర్ ఇవ్వాలి. అచ్చుకు ఇచ్చే పాటల అసలు కాపీని (మాస్టర్‌ను) రైట్ చేసిన సీడీగా పంపకండి, కొరియర్‌వాడి చేతికెళ్లినా ప్లేయర్లో పెట్టి వినేయొచ్చు. స్టూడియోవాళ్లను డీడీపీ ఫైల్ (ప్లాంట్లు అచ్చుకు తీసుకునే డిజిటల్ మాస్టర్) అడిగి, పాస్‌వర్డ్ పెట్టి పంపండి. చెక్‌సమ్ (ఫైల్ మారితే తానూ మారిపోయే గుర్తింపు సంఖ్య) కూడా తీసుకుంటే, ప్లాంటుకు చేరినదీ మీరు పంపినదీ ఒకటేనని సరిచూసుకోవచ్చు.

మిమ్మల్ని హక్కుల కాగితాలు అడిగే ప్లాంటు దొరికితే విసుక్కోకండి, నా లెక్కలో మంచి ప్లాంటుకు అదే గుర్తు. ఏమీ అడగకుండా అచ్చేసేవాడు రేపు మీ పాటలు ఇంకెవరు తెచ్చినా అలాగే అచ్చేస్తాడు. వాళ్లు ఇచ్చిన పాత శాంపిల్ లోపలి వలయం మీద ఐఎఫ్‌పీఐ (అంతర్జాతీయ రికార్డింగ్ కంపెనీల సంఘం) అక్షరాలూ కోడూ ఉన్నాయేమో లైటు కింద చూడండి. ఏ ప్లాంటులో తయారైందో చెప్పే ఆ కోడ్ 1994 నుంచి వాడుకలో ఉంది.

హక్కుల విషయంలో ఒక మాట. సాహిత్యం అన్నమయ్యదే, దానికి అనుమతి అక్కర్లేదు. బాణీలు మాత్రం చాలావరకు మన కాలంవాళ్లు కట్టినవి. ఉదాహరణకు ఎన్నో అన్నమయ్య కీర్తనలకు బాణీలు కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1979లో పోయారు. మన చట్టం ప్రకారం స్వరకర్త పోయాక అరవై ఏళ్లు హక్కు ఉంటుంది, అంటే ఆయన బాణీలకు 2039 చివరిదాకా. గురువుగారు సొంతంగా కట్టినవైతే గొడవ లేదు. కాపీరైట్ చట్టం 52ఎ సెక్షన్ ప్రకారం తయారుచేసినవారి పేరు, అడ్రసు, హక్కుదారు పేరు, అడ్రసు, మొదట విడుదలైన సంవత్సరం డిస్కు మీదా కవర్ మీదా వేయాలి. డిజైనర్‌కు ముందే చెప్పండి, లేకపోతే బొమ్మకే చోటంతా అయిపోతుంది.

ప్యాకింగ్‌కు ఊళ్లో పంచేవాటికి జ్యువెల్ కేసు (గట్టి ప్లాస్టిక్ సీడీ పెట్టె) బాగుంటుంది. డిస్కును మధ్యలో పళ్లు పట్టుకుంటాయి, ఉపరితలం దేనికీ తగలదు. పోస్టులో మాత్రం ఆ పళ్లే ముందు విరుగుతాయి, విరిగిన ముక్కలు లోపల దొర్లి గీతలు పెడతాయి. బరువు కూడా డిస్కుతో కలిపి వంద గ్రాముల దాకా వస్తుంది. అమెరికా కాపీలకు అట్ట వాలెట్ చేయించి, డిస్కును లోపల మెత్తటి తొడుగులో పెట్టి, రెండు గట్టి అట్టల మధ్య పంపండి. చవక పీవీసీ కవర్లు వద్దు. మా గోడౌన్‌లో ఒక్క ఎండాకాలం గడిచేసరికి అవి డిస్కులకు అంటుకుని జిడ్డు మచ్చలు పెట్టేవి.

ష్రింక్ ర్యాప్ వేయించే ముందే ఒక్కో అట్టపెట్టెలోంచి రెండు మూడు తీసి, పాత కారు ప్లేయర్లో, డీవీడీ ప్లేయర్లో మొదటి నుంచి చివరి పాట దాకా వినండి. సీడీలో పాటలు లోపలి నుంచి బయటి అంచుకు సాగుతాయి, అచ్చులో తేడా ఉంటే ఎక్కువగా చివరి పాటల్లోనే తడబడుతుంది.